రోగనిరోధకతకు పెప్టైడ్ చికిత్స: థైమోసిన్ ఆల్ఫా-1 ఆధారంగా భద్రతా పరిశీలన

వ్యాససంగ్రహం:

రోగనిరోధక శక్తిని పెంచుతాయన్న పేరుతో పెప్టైడ్ సూదిమందులకు ఇటీవలి కాలంలో విశేష ప్రచారం లభిస్తోంది. వీటిలో దీర్ఘకాలంగా పరిశోధనకు లోనై, పలు దేశాలలో వైద్యుని చీటీపై వాడుకలో ఉన్నది థైమోసిన్ ఆల్ఫా-1. ఈ అణువు చరిత్రను, పనిచేసే తీరును, చికిత్సా పరీక్షల ఫలితాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక ఔషధం క్షేమకరమనడానికి లభించిన ఆధారం ఒక రోగి వర్గానికి, ఒక తయారీ పద్ధతికి, ఒక కాలపరిమితికి కట్టుబడి ఉంటుందని, ఆ హద్దులు దాటినప్పుడు ఆ ఆధారం తనంతట తాను వెంట రాదని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: పెప్టైడ్, థైమోసిన్ ఆల్ఫా-1, రోగనిరోధక వ్యవస్థ, సెప్సిస్, ప్రతిదేహాలు, ఔషధ భద్రత.

1. ఉపోద్ఘాతం

అమైనో ఆమ్లాలు వరుసగా కలిసి ఏర్పడే చిన్న గొలుసును పెప్టైడ్ అంటారు. ఆ గొలుసు పొడవై, మడతలు పడి, ఒక నిర్దిష్ట రూపాన్ని పొందితే ప్రోటీన్ అవుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న సరిహద్దు ప్రకృతి గీసినది కాదు. వ్యవహార సౌలభ్యం కోసం మనుషులు ఏర్పరచుకున్నది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 40 అమైనో ఆమ్లాల వరకు ఉన్న గొలుసును పెప్టైడ్‌గా, అంతకు మించినదానిని ప్రోటీన్‌గా పరిగణిస్తుంది. ఆ లెక్కన 51 అమైనో ఆమ్లాలు గల ఇన్సులిన్ ప్రోటీన్ల కోవలోకే వస్తుంది.

పెప్టైడ్ అన్నది ఒక రసాయన వర్గానికి పేరు మాత్రమే. అది ఏ ఫలితాన్నిస్తుందో ఆ పేరు చెప్పదు. ఇందుకు సైక్లోస్పోరిన్ మంచి ఉదాహరణ. ఒక శిలీంధ్రం నుంచి లభించిన ఈ ఔషధం 11 అమైనో ఆమ్లాలు వలయాకారంలో కూడిన పెప్టైడ్. అవయవ మార్పిడి జరిగిన రోగులలో రోగనిరోధక వ్యవస్థను అణచి ఉంచడానికే దీనిని వాడతారు. 28 అమైనో ఆమ్లాల థైమోసిన్ ఆల్ఫా-1ను అదే వ్యవస్థను ఉత్తేజపరచడానికి వాడతారు. రసాయన వర్గం ఒకటే అయినా ప్రయోజనాలు పరస్పర విరుద్ధాలు. అందువల్ల "పెప్టైడ్లు శరీరంలో సహజంగా ఉండేవే కనుక క్షేమకరమైనవి" అనే వాదాన్ని యథాతథంగా అంగీకరించడానికి వీలులేదు. ప్రతి పెప్టైడ్‌ను దాని ఆధారాలతోనే విడిగా తూచవలసి ఉంటుంది.

2. థైమస్ గ్రంథి నుంచి థైమోసిన్ వరకు

రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైభాగాన ఉండే థైమస్ గ్రంథి బాల్యంలో పెద్దదిగా ఉండి, వయసు పెరిగేకొద్దీ కుంచించుకుపోతుంది. చాలాకాలం దీని ప్రయోజనం ఏమిటో శాస్త్రవేత్తలకు స్పష్టంగా తెలియలేదు. 1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకలలో ఈ గ్రంథిని తొలగించి చూశాడు. ఆ ఎలుకలలో లింఫోసైట్ కణాలు తగ్గిపోయాయి. అవి అంటువ్యాధులకు సులభంగా లోనయ్యాయి. పరాయి ఎలుకల చర్మాన్ని అతికించినా తిరస్కరించలేకపోయాయి. రోగనిరోధక వ్యవస్థ రూపుదిద్దుకోవడానికి థైమస్ అవసరమని ఈ ప్రయోగం వెల్లడించింది. నేడు టి-కణాలుగా వ్యవహరిస్తున్న కణాలు ఈ గ్రంథిలోనే పరిణతి చెందుతాయి.

థైమస్ తన పనిలో కొంత భాగాన్ని రసాయన సందేశాల ద్వారా నిర్వహిస్తుందేమో అన్న ప్రశ్న దీని తరువాత తలెత్తింది. అలన్ గోల్డ్‌స్టీన్, అబ్రహాం వైట్ 1966లో ఈ గ్రంథి సారం నుంచి క్రియాశీలమైన పదార్థాన్ని వేరుచేసి థైమోసిన్ అని పేరు పెట్టారు. అది ఒకే అణువు కాదు. అనేక పెప్టైడ్ల మిశ్రమం. గోల్డ్‌స్టీన్ బృందం ఆవుదూడల థైమస్ నుంచి ఒక పెప్టైడ్‌ను శుద్ధిచేసి, 1977లో దాని 28 అమైనో ఆమ్లాల వరుసక్రమాన్ని ప్రకటించింది. అదే థైమోసిన్ ఆల్ఫా-1. దీని మొదటి అమైనో ఆమ్లానికి ఒక ఎసిటైల్ సమూహం అతుక్కుని ఉంటుంది.

ఔషధంగా వాడుతున్న థైమోసిన్ ఆల్ఫా-1ను జంతువుల గ్రంథుల నుంచి తీయరు. బ్రూస్ మెరిఫీల్డ్ 1963లో ప్రకటించిన ఘనస్థితి సంశ్లేషణ పద్ధతి ఇటువంటి పెప్టైడ్ల తయారీకి మార్గం చూపింది. ఈ పద్ధతికే ఆయనకు 1984లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఇలా కృత్రిమంగా తయారైన ఔషధాన్ని థైమాల్‌ఫాసిన్ అని వ్యవహరిస్తారు. తడి లేని పొడిరూపంలో, శీతల నిల్వలో ఉండే ఈ మందును వాడేముందు సూక్ష్మజీవిరహిత ద్రవంలో కలిపి చర్మం కింద సూదిమందుగా ఇస్తారు. హెపటైటిస్-బి చికిత్సలో సాధారణ మోతాదు 1.6 మి.గ్రా., వారానికి రెండుసార్లు. రక్తంలో దీని అర్ధజీవితకాలం సుమారు 2 గంటలు.

3. 'పెంపు' కాదు, సర్దుబాటు

సూక్ష్మజీవుల ఆనవాళ్లను గుర్తించే టోల్ తరహా గ్రాహకాలు డెండ్రైటిక్ కణాలలో ఉంటాయి. థైమోసిన్ ఆల్ఫా-1 వీటిలో ముఖ్యంగా 2, 9 సంఖ్యలు గల గ్రాహకాల మార్గాలను ప్రేరేపిస్తుందని ప్రయోగశాల పరిశోధనలు చూపాయి. ఆ కణాలు పరిణతి చెంది టి-కణాలకు సమాచారాన్ని అందిస్తాయి. వైరస్‌లను, శిలీంధ్రాలను ఎదుర్కొనే ప్రతిస్పందన దీనివల్ల బలపడుతుంది. అయితే ఇదే అణువు మితిమీరిన వాపును అదుపుచేసే సహన మార్గాన్ని కూడా కదిలిస్తుందని మరికొన్ని పరిశోధనలు తెలిపాయి. కనుక దీనిని రోగనిరోధకతను పెంచే మందు అనడం కంటె సర్దుబాటు చేసే మందు అనడం సముచితం.

ఈ భేదం కేవలం మాటలకు సంబంధించినది కాదు. రోగనిరోధక శక్తి అనేది పాత్రలోని నీటిమట్టంలా ఒకే కొలతకు లొంగేది కాదు. ఎన్నో రకాల కణాలు, వాటి సందేశాలు, వాటిని ఆపే ఏర్పాట్లు కలిసిన సమతుల్యత అది. అది లోపిస్తే అంటువ్యాధులు, హద్దు మీరితే అలర్జీలు, గురి తప్పితే స్వయం ప్రతిరక్షక వ్యాధులు ఏర్పడతాయి. కీళ్లవాతంలోనూ, మొదటి రకం మధుమేహంలోనూ శరీరాన్ని బాధించేది నిరోధకశక్తి కొరత కాదు, అది సొంత కణజాలంపైకి మళ్లడం.

టి-కణాలను నేరుగా ఉత్తేజపరచినప్పుడు ఏమి జరగగలదో 2006 మార్చిలో లండన్‌లో జరిగిన ఒక తొలిదశ పరీక్ష చూపింది. అక్కడ పరీక్షించిన టీజీఎన్1412 పెప్టైడ్ కాదు. టి-కణాలలోని ఒక గ్రాహకాన్ని ప్రేరేపించే ప్రతిదేహం. కోతులలో క్షేమకరమని తేలిన మోతాదులో 500వ వంతు మాత్రమే ఇచ్చినా, ఔషధం పొందిన ఆరుగురు ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులూ కొన్ని గంటలలోనే సైటోకైన్ల ఉప్పెనకు గురై, పలు అవయవాలు దెబ్బతిని, అత్యవసర చికిత్స పొందవలసి వచ్చింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. థైమోసిన్ ఆల్ఫా-1 ఇంతటి తీవ్రత గల అణువు కాదు. అయినా ఉత్తేజం తనంతట తాను మేలు కాదన్న సూత్రం దీనికీ వర్తిస్తుంది.

4. మొదటి హద్దు: ఆధారం ఏ రోగికి చెందినది?

థైమోసిన్ ఆల్ఫా-1కు పలు దేశాలలో అనుమతి లభించడానికి ప్రధాన కారణం దీర్ఘకాలిక హెపటైటిస్-బి. వైరస్‌ను శరీరం సహిస్తూ పోయే ఈ వ్యాధిలో నిరోధక ప్రతిస్పందనను మేల్కొలపడం చికిత్సకు అర్థవంతమైన లక్ష్యమే. కాని ఆ మేల్కొలుపు ఫలితంగా వైరస్ సోకిన కాలేయ కణాలపై దాడి పెరిగి, రక్తంలో కాలేయ ఎంజైముల స్థాయి తాత్కాలికంగా పెరగవచ్చు. రోగిని క్రమంగా పరీక్షిస్తున్న వైద్యుడు దీనిని చికిత్సా ప్రతిస్పందనగా గుర్తించగలడు, కాలేయం విఫలమయ్యే సూచనలుంటే మందు ఆపగలడు. పరీక్షలు లేకుండా వాడుతున్న వ్యక్తికి ఈ రెండింటి తేడా తెలిసే అవకాశం లేదు. పైగా ఎంటెకవీర్, టెనోఫోవీర్ వంటి వైరస్ నిరోధకాలు వచ్చిన తరువాత ఈ వ్యాధి చికిత్సలోనే దీని స్థానం తగ్గింది.

సెప్సిస్ విషయంలో జరిగిన పరీక్షలు మరింత బోధప్రదమైనవి. అంటువ్యాధికి శరీరం చూపే ప్రతిస్పందన అదుపుతప్పి అవయవాలను దెబ్బతీయడమే సెప్సిస్. దాని తరువాతి దశలో నిరోధక వ్యవస్థ అలసి మందగిస్తుంది కనుక థైమోసిన్ ఆల్ఫా-1 ఉపకరిస్తుందని భావించారు. చైనాలో 361 మంది రోగులపై జరిగి 2013లో ప్రచురితమైన పరీక్షలో 28 రోజుల మరణాలు ఔషధం పొందిన వర్గంలో 26 శాతం, పొందని వర్గంలో 35 శాతం. తేడా ఆశాజనకమే అయినా గణాంక ప్రమాణాల రీత్యా సరిహద్దుమీద నిలిచింది. పైగా ఆ పరీక్షలో ఎవరికి ఏ చికిత్స అందుతున్నదో తెలియకుండా ఉంచే ఏర్పాటు పూర్తిస్థాయిలో లేదు.

ఆ లోపాన్ని సవరించి, 22 కేంద్రాలలో 1106 మందిని చేర్చుకుని, రోగికిగాని వైద్యునికిగాని వివరం తెలియని పద్ధతిలో ప్లాసిబోతో పోల్చిన పెద్ద పరీక్ష ఫలితాలు 2025లో వెలువడ్డాయి. ఔషధ వర్గంలో 28 రోజుల మరణాలు 23.4 శాతం, ప్లాసిబో వర్గంలో 24.1 శాతం. అంటే మరణాలు తగ్గాయనడానికి స్పష్టమైన ఆధారం దొరకలేదు. 60 ఏళ్లు దాటినవారిలో, అంతకంటె చిన్నవారిలో ఫలితం వేర్వేరు దిశలలో ఉండవచ్చన్న సూచన ఉపవర్గ విశ్లేషణలో కనిపించింది. అది మరో పరీక్షకు పునాది కాగలదే తప్ప చికిత్సకు ఆధారం కాజాలదు.

కోవిడ్ కాలంలోనూ ఇటువంటి ఆశే కలిగింది. తీవ్రస్థితిలో ఉన్న 76 మంది పాత రికార్డులను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం ఈ మందు పొందినవారిలో మరణాలు తక్కువని తెలిపింది. రికార్డులపై ఆధారపడే అధ్యయనాలలో, మందు పొందినవారు మొదటినుంచే భిన్నమైన స్థితిలో ఉండి ఉండవచ్చు. సెప్సిస్ పరీక్షల క్రమాన్ని పక్కన ఉంచి చూస్తే, చిన్న అధ్యయనంలోని పెద్ద తేడాను ఎంత జాగ్రత్తగా స్వీకరించాలో బోధపడుతుంది.

పై ఆధారమంతా రోగులకు చెందినది. జలుబు తరచుగా రాకూడదనో, అలసట తగ్గాలనో కోరుకునే ఆరోగ్యవంతునికి ఇందులో ఏ ఒక్క ఫలితమూ నేరుగా వర్తించదు. మరణాలను, వైరస్ పరిమాణాన్ని, కాలేయ ఎంజైములను కొలవవచ్చు. 'నిరోధక శక్తికి తోడ్పాటు' అన్న మాటకు అటువంటి కొలమానం లేదు. కొలమానం లేని లక్ష్యానికి మోతాదును గాని, మందు ఆపవలసిన సమయాన్ని గాని నిర్ణయించడం సాధ్యం కాదు.

5. రెండవ హద్దు: ఆధారం ఏ సీసాకు చెందినది?

పెప్టైడ్ తయారీలో అమైనో ఆమ్లాలను ఒకదాని తరువాత ఒకటిగా కలుపుతూ పోతారు. 28 అమైనో ఆమ్లాల గొలుసుకు 27 బంధాలు కావాలి. ప్రతి అడుగూ 99 శాతం సఫలమైందనుకున్నా, చివరికి సరైన వరుసక్రమం గల గొలుసులు సుమారు 76 శాతమే ఉంటాయి. మిగిలినవాటిలో ఒక అమైనో ఆమ్లం లోపించినవి, ఎక్కువైనవి, మరో విధంగా మారినవి ఉంటాయి. అసలు అణువును చాలావరకు పోలి ఉండడంవల్ల వీటిని వేరుచేయడం కష్టం. శుద్ధి ప్రక్రియ, దానిని ధ్రువపరచే విశ్లేషణ ఇందుకే ఔషధంలో విడదీయరాని భాగాలు.

విక్రేతలు చూపే '98 శాతం శుద్ధత' అన్న ధ్రువపత్రం సాధారణంగా ద్రవ క్రొమటోగ్రఫీ ఫలితాన్ని మాత్రమే తెలుపుతుంది. సీసాలో సూక్ష్మజీవులు లేవని గాని, బాక్టీరియా పొరల నుంచి వచ్చే ఎండోటాక్సిన్ లేదని గాని అది చెప్పదు. రోగనిరోధకత కోసం వాడే మందులో ఈ లోపం మరింత చిక్కు తెస్తుంది. ఎండోటాక్సిన్ స్వయంగా నిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుంది. సూది వేసిన తరువాత వచ్చే జ్వరం, వణుకు కలుషితానికి సూచన కావచ్చు. వాడుతున్న వ్యక్తి మాత్రం మందు పనిచేస్తోందని సంతోషించవచ్చు.

అణువు ఒకటే అయినా దానిచుట్టూ ఉన్న పదార్థాలు మారితే ఫలితం మారగలదు. ఎరిత్రోపోయిటిన్ అనే ప్రోటీన్ ఔషధపు ఒక రూపంలో 1998లో స్థిరకారకాన్ని మార్చిన తరువాత, కొందరు మూత్రపిండ రోగులలో దానికి వ్యతిరేకంగా ప్రతిదేహాలు పుట్టాయి. అవి మందును మాత్రమే కాక శరీరం స్వయంగా తయారుచేసుకునే ఎరిత్రోపోయిటిన్‌ను కూడా నిర్వీర్యం చేయడంతో ఆ రోగులలో ఎర్రకణాల ఉత్పత్తి దాదాపు నిలిచిపోయింది. శరీరంలో సహజంగా ఉండే అణువును బయటినుంచి ఇచ్చే ప్రతి సందర్భంలోనూ ఈ అనుభవాన్ని గుర్తుంచుకోవాలి. పెగినెసటైడ్ అనే పెప్టైడ్ ఔషధానిది మరో అనుభవం. డయాలిసిస్ రోగులలోని రక్తహీనతకు 2012 మార్చిలో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును, ప్రాణాంతకమైన అలర్జీ ప్రతిక్రియలు వెలుగుచూడడంతో, 2013 ఫిబ్రవరిలోనే వెనక్కి తీసుకున్నారు. పరీక్షలలో ప్రధానంగా ఒక్కసారి వాడే సీసాలుండగా, వైద్యశాలలకు చేరినవి పలుమార్లు వాడుకునే, నిల్వకారకం కలిపిన సీసాలు. ఈ తేడాపై తరువాతి పరిశోధన దృష్టి సారించింది.

కాంపౌండింగ్ ఫార్మసీలలో తయారయ్యే పెప్టైడ్లపై నియంత్రణ సంస్థల ఆందోళనకు నేపథ్యం ఇదే. వైద్యుని చీటీ ప్రకారం ఒక రోగి కోసం మందును ప్రత్యేకంగా కలిపి ఇవ్వడం న్యాయమైన, పాతకాలపు వృత్తి. పెద్దయెత్తున సాగినప్పుడు ప్రమాదమూ పెద్దదే. 2012లో అమెరికాలో ఒక కాంపౌండింగ్ కేంద్రం పంపిన స్టెరాయిడ్ సూదిమందు శిలీంధ్రంతో కలుషితమై 750 మందికి పైగా అస్వస్థులయ్యారు, 60 మందికి పైగా మరణించారు. ఆ దేశపు నియంత్రణ సంస్థ 2023లో థైమోసిన్ ఆల్ఫా-1తో సహా పలు పెప్టైడ్లను కాంపౌండింగ్ విషయంలో భద్రతా సందేహాలున్న వర్గంలో చేర్చింది. ప్రతిదేహాలు పుట్టే అవకాశం, పెప్టైడ్ సంబంధ మాలిన్యాలు, ముడిపదార్థాన్ని నిర్ధారించడంలోని క్లిష్టత అందుకు చూపిన కారణాలు. ఆ తరువాత దానిని ఆ వర్గం నుంచి తొలగించి, 2024 డిసెంబరులో సలహా సంఘం ముందు చర్చకు ఉంచారు. ఈ ఔషధానికి అమెరికాలో ఆ సంస్థ సాధారణ విక్రయానుమతి ఇవ్వలేదు. ఇక 'పరిశోధనకు మాత్రమే' అన్న చీటీ అంటించి అమ్మే సీసాలు మనుషుల కోసం ఉద్దేశించిన ఏ ప్రమాణానికీ కట్టుబడి ఉండవు.

6. మూడవ హద్దు: ఆధారం ఎంత కాలానికి చెందినది?

అనుమతి పొందిన రూపంలో, నిర్ణీత మోతాదులో థైమోసిన్ ఆల్ఫా-1ను రోగులు సాధారణంగా బాగానే తట్టుకుంటారని పరీక్షలు తెలిపాయి. ఎక్కువగా కనిపించేవి సూది వేసినచోట ఎరుపు, మంట, అసౌకర్యం. ఈ విషయాన్ని తగ్గించి చెప్పనవసరం లేదు. అయితే ఆ చికిత్సలకు ఒక ముగింపు ఉంది. సెప్సిస్‌లో అది కొద్ది రోజులు. హెపటైటిస్‌లో సాధారణంగా కొన్ని నెలలు. ఏళ్ల తరబడి ఆరోగ్యవంతులు వాడితే ఏమవుతుందన్న ప్రశ్న ఆ పరీక్షలు వేసుకున్నది కాదు.

అరుదైన ప్రమాదం బయటపడడానికి ఎంత కాలం పట్టవచ్చో గ్లాటిరమర్ ఎసిటేట్ తెలుపుతుంది. ఇది నాలుగు అమైనో ఆమ్లాలతో కూర్చిన పెప్టైడ్ మిశ్రమం. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో నిరోధక వ్యవస్థను సర్దుబాటు చేయడానికి 1996 నుంచి అమెరికాలో వాడుతున్నారు. మొదటి మోతాదు తరువాత గాని, ఏళ్ల తరువాత గాని తీవ్ర అలర్జీ ప్రతిక్రియ సంభవించవచ్చని 2025 జనవరిలో దీనికి అత్యున్నత స్థాయి హెచ్చరికను జోడించారు. దాదాపు 3 దశాబ్దాల వాడుక, నమోదైన నివేదికలు ఉండబట్టే ఆ హెచ్చరిక సాధ్యమైంది. రహస్యంగా వాడే మందుకు నివేదికలుండవు. నివేదికలు లేకపోవడాన్ని ప్రమాదం లేకపోవడంగా పొరబడే అవకాశం మాత్రం ఉంటుంది.

7. వైద్యుని చీటీ నిర్వహించే పాత్ర

పై మూడు హద్దులను ఒకచోట కలిపి చూసే బాధ్యత వైద్యునిది. అవయవ మార్పిడి జరిగినవారిలో నిరోధక వ్యవస్థను ఉద్దేశపూర్వకంగా అణచి ఉంచుతారు. వారికి థైమోసిన్ ఆల్ఫా-1 ఇస్తే చికిత్స ఒకవైపు, మందు మరోవైపు లాగినట్లవుతుంది. ప్రయోజనం స్పష్టంగా అధికమైతే తప్ప వీరికి వాడరాదని ఔషధ సూచనలే పేర్కొంటున్నాయి. స్వయం ప్రతిరక్షక వ్యాధులున్నవారి విషయంలోనూ అదే తర్కం జాగ్రత్తను కోరుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, క్యాన్సర్ చికిత్సలో భాగంగా నిరోధక వ్యవస్థను ప్రేరేపించే ఇతర మందులు పొందుతున్నవారు ప్రత్యేక పరిశీలనకు అర్హులు. అన్నిటికీ మించి, తరచుగా అంటువ్యాధులు రావడం వెనుక మధుమేహం, హెచ్.ఐ.వి., రక్తవ్యాధులు, పోషకాహార లోపం వంటి కారణాలు దాగి ఉండవచ్చు. రోగనిర్ణయానికి ముందే ఉత్తేజకం వాడితే అసలు వ్యాధిని గుర్తించడం ఆలస్యమవుతుంది.

భారతదేశంలో 2019 నాటి కొత్త ఔషధాలు, చికిత్సా పరీక్షల నియమాలు ఈ సందర్భంలో గమనింపదగినవి. అప్పటికే అనుమతి పొందిన మందును కొత్త వ్యాధికి, కొత్త మార్గంలో, కొత్త రూపంలో ప్రతిపాదించినా ఈ నియమాలు దానిని 'కొత్త ఔషధం'గానే నిర్వచిస్తాయి. ఆధారం తనంతట తాను హద్దు దాటదన్న శాస్త్రసూత్రమే ఇక్కడ చట్టరూపం ధరించింది. 2010లో ప్రారంభమైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం కింద రెండు తెలుగు రాష్ట్రాల వైద్య కళాశాలలలోనూ ఔషధ దుష్ప్రభావాల నమోదు కేంద్రాలు పనిచేస్తున్నాయి. పెప్టైడ్ సూదిమందు తరువాత కలిగిన ప్రతిక్రియలను అక్కడ నమోదు చేయించడం వైద్యులకే కాక రోగులకూ సాధ్యం.

8. ముగింపు

థైమోసిన్ ఆల్ఫా-1 నిష్ప్రయోజకమైన అణువు కాదు, సర్వరోగ నివారిణీ కాదు. దీర్ఘకాలిక హెపటైటిస్-బిలో అది పలు దేశాలలో అనుమతి సంపాదించింది. సెప్సిస్‌లో తొలి ఆశ పెద్ద పరీక్షలో నిలబడలేదు. ఆరోగ్యవంతులలో నిరోధక శక్తి కోసం వాడడానికి తగిన ఆధారం లేదు. పెప్టైడ్ చికిత్సను గురించి వెలువడే ఏ ప్రకటననైనా మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు: ఈ ఫలితం ఏ రోగులలో కనిపించింది? ఏ తయారీతో కనిపించింది? ఎంత కాలం గమనించగా కనిపించింది? ఈ మూడింటికీ ఇచ్చిన సమాధానాలు ఎదుట ఉన్న వ్యక్తికి, అతని చేతిలోని సీసాకు, అతడు వాడదలచిన కాలానికి సరిపోలినప్పుడే ఆ ఆధారం అతనికి ఉపకరిస్తుంది. ఏ ఒక్కటి సరిపోలకపోయినా అక్కడ జరుగుతున్నది చికిత్స కాదు, నమోదుకాని ప్రయోగం.